నడుమునొప్పి: మంచమునుండి నడకకు

నడుము పట్టినదని ఎవరో ఒకరు మంచమెక్కని ఇల్లు అరుదు. ఎక్కిన వెంటనే ఇరుగుపొరుగువారందరును వైద్యులగుదురు. ఒకరు ఆముదము వెచ్చజేసి మర్దించుమందురు. మరొకరు ఎదురుకాళ్ళతో పుట్టినవారిని పిలిపించి నడుముమీద తొక్కించుమందురు. ఎవరేమి చెప్పినను, కదలక మెదలక పడుకొనుమనుటలో మాత్రము అందరిదియు ఒకే మాట. ఇది తాతలనాటి సలహాయని మనము నమ్ముచుందుము. చరిత్ర తిరుగవేసి చూచినచో ఇది మనము తలచినంత పాతది కాదు. దీనిని వదలించుకొనుటకు మాత్రము వైద్యలోకమునకు నూరేండ్లు దాటినవి.

నొప్పి మిక్కిలి పాతదే. 1862లో ఎడ్విన్ స్మిత్ అను అమెరికను ఈజిప్టులోని లక్సర్ పట్టణమున ఒక పపైరస్ చుట్టను కొనెను. అది సుమారు 3,600 ఏండ్లక్రిందట వ్రాసిన శస్త్రవైద్య గ్రంథపు ప్రతి. దానిని జేమ్స్ బ్రెస్టెడ్ అను పండితుడు ఆంగ్లమున అనువదించి 1930లో ప్రచురించెను. అందు 48 మంది రోగుల వర్ణనలు కలవు. తలగాయములతో మొదలై ఒక్కొక్క అంగమే దిగివచ్చి, 48వ వర్ణన వెన్నుపూస బెణికినవానిని గూర్చి చెప్పును. కాళ్ళు చాపి ముడువుమని రోగినడిగి చూడవలెనట. నొప్పిచేత వాడు చాపిన కాళ్ళను వెంటనే ముడుచుకొనునట. ఇది తాను చికిత్సచేయదగిన వ్యాధియేయని వైద్యుడు చెప్పవలెను. రోగిని వెల్లకిల పరుండబెట్టవలెను. ఆపైన ఏమి చేయవలెనో చెప్పబోవుచు, వాక్యము నడుమనే లేఖకుని కలము ఆగిపోయినది. తరువాతి చికిత్స యేమో నేటికిని ఎవరికిని తెలియదు.

మన ఆయుర్వేదమున పిరుదునుండి పాదమువరకు దిగు నొప్పికి గృధ్రసి యని పేరు. రోగి నడక రాబందు నడకవలె నుండునని ఆ పేరు వచ్చెనందురు. చరకుడు దీనిని ఎనుబది వాతరోగములలో చేర్చెను. గ్రీకు దేశమున వంగిన వెన్నును సరిచేయుటకు రోగిని నిచ్చెనకు కట్టి పైనుండి క్రిందికి జారవిడిచెడి పద్ధతి యొకటి ఉండెను. దీనిని చేయువారు చాలవరకు జనమును ఆశ్చర్యపరచుటకే చేయుచుందురని హిపోక్రటీసు తన కీళ్ళ గ్రంథమున మందలించెను. వైద్యమునందు గారడి యెంత పాతదో!

ఇక పడక సంగతి. 1863లో జాన్ హిల్టన్ అను లండను శస్త్రవైద్యుడు విశ్రాంతియే ప్రకృతి చేయు చికిత్సయని బోధించు ఉపన్యాసములను గ్రంథముగా ప్రకటించెను. లివర్పూలు నగరమున హ్యూ ఓవెన్ థామస్ క్షయసోకిన కీళ్ళకును, విరిగిన ఎముకలకును దీర్ఘవిశ్రాంతిని పట్టుబట్టి అమలుపరచెను. ఆ జబ్బులకది తగినదే. అదే కాలమున రైలుబండ్లు వచ్చినవి, ప్రమాదములు వచ్చినవి, వానితో నష్టపరిహారపు దావాలును వచ్చినవి. 1866లో జాన్ ఎరిక్ ఎరిక్సన్ రైలు కుదుపులచేత వెన్నుకు కలుగు హానినిగూర్చి గ్రంథము వ్రాసెను. నడుమునొప్పి యనగా వెన్నుకు తగిలిన దెబ్బ, దెబ్బకు మందు విశ్రాంతి: ఈ రెండును అట్లు ముడిపడెను. 1934లో బోస్టను వైద్యులగు మిక్స్టర్, బార్ అనువారు వెన్నుపూసల నడుమనుండు డిస్కు చీలి నరమును నొక్కుటను చూపగా ఆ ముడి మరింత బిగిసెను. అది గొప్ప పరిశోధనయే. కాని చీలిన డిస్కుచేత నొప్పిపడువారు కొందరే. 'డిస్కు జారినది' అను మాట మాత్రము అందరి నోటను పడెను. జారినదని విన్నవాడు వంగుటకు భయపడడా? డిస్కు నిజమునకు జారదు. అది ఉబ్బవచ్చును, చీలవచ్చును, పెక్కుమందిలో తనంతతానే సర్దుకొనవచ్చును.

కదలికను నమ్మినవారును లేకపోలేదు. 1813లో స్టాకుహోములో పెర్ హెన్రిక్ లింగ్ వ్యాయామచికిత్సకు ఒక సంస్థను నెలకొల్పెను. 1894లో లండనులో నలుగురు నర్సులు, మర్దనవృత్తికి వచ్చిన అపకీర్తిని తొలగింపనెంచి, శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘమును స్థాపించిరి. నేటి బ్రిటిషు ఫిజియోథెరపిస్టుల సంఘమునకు మూలమదియే. 1947లో రిచర్డ్ ఆషర్ అను వైద్యుడు మంచమువలని అపాయములను గూర్చి ఒక చురుకైన వ్యాసము వ్రాసెను. రక్తము గడ్డకట్టుట, కండరములు క్షీణించుట, మనస్సు మొద్దుబారుట: ఇవన్నియు పడక కానుకలేనని ఆయన వాదము. చదివినవారు నవ్విరి, నడుమునొప్పి రోగులు మాత్రము మంచము దిగలేదు.

1956లో న్యూజీలాండు దేశపు వెల్లింగ్టనులో ఒక వింత జరిగెను. రాబిన్ మెకెంజీ అను ఫిజియోథెరపిస్టు తన రోగిని బోర్లపరుండుమని చెప్పెను. అంతకు ముందువచ్చినవారికొరకు ఆ బల్ల తలవైపు ఎత్తియుండెను. రోగి అటులనే, నడుము వెనుకకు విరిగిన భంగిమలో, పరుండెను. ఆనాటి శాస్త్రము ప్రకారమది చేయరానిపని. మెకెంజీ వచ్చి చూచి కంగారుపడెను. రోగి మాత్రము మూడువారములలో ఇంత సుఖముగా ఎన్నడును లేననెను. మెకెంజీ ఆ మాటను కొట్టివేయక, దానినుండియే ఒక చికిత్సాపద్ధతిని పెంపొందించెను. ఆ పద్ధతి గుణదోషములపై నేటికిని వాదములు కలవు. రోగి చెప్పినది విని తన శాస్త్రమును శంకించుకొన్న ఆ గుణమే మాకు ముఖ్యముగా తోచుచున్నది.

పడకను నిజముగా పరీక్షకు నిలిపినది 1986లో. అమెరికాలోని టెక్సాసులో రిచర్డ్ డేయో, ఆయన సహచరులు 203 మంది రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు రెండు దినములు, రెండవదానికి ఏడు దినములు పడక విధించిరి. రెండు దినములవారు పనిమానిన దినములు 45 శాతము తక్కువ. తక్కిన విషయములలో భేదమే లేదు. 1995లో ఫిన్లండు పరిశోధకులు ఇంకొక అడుగు వేసిరి. హెల్సింకి నగరపు ఉద్యోగులు 186 మందిలో కొందరికి పడక, కొందరికి వెన్ను వ్యాయామములు, కొందరికి నొప్పి ఓర్వగలిగినంతవరకు మామూలు పనులు. అందరికంటె త్వరగా కోలుకొన్నది మామూలు పనులవారే! క్రొత్తగా పట్టిన నడుమునకు పడకయే కాదు, తొందరపడి చేయించు కసరత్తులును మేలుకావని తేలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. జ్వరము, పడిన దెబ్బ, కాళ్ళు చచ్చుబడుట, మలమూత్రములు అదుపుతప్పుట వంటివి ఉన్నచో అది వేరుసంగతి. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

నెలలతరబడి నొప్పి విడువక, పనికి దూరమై, నలుగురిలోనికి రాక కృశించువారి సంగతి యేమి? 1987లో గ్లాస్గో శస్త్రవైద్యుడు గోర్డన్ వాడెల్, నొప్పి వేరు, నొప్పిచేత మనిషి అశక్తుడగుట వేరు అని వ్రాసెను. రెండవదానిలో భయమునకును, చుట్టుపట్లవారి మాటలకును గొప్ప పాలు కలదు. 1992లో స్వీడనులోని వోల్వో కర్మాగారపు కార్మికులు 103 మందిపై ఒక ప్రయోగఫలితము వెలువడెను. ఫిజియోథెరపిస్టు కార్మికుడు పనిచేయు తావునకు పోయి చూచి, ఈ దినమింత, రేపింత యని వ్యాయామమును ముందే నిర్ణయించును. నొప్పి యెంతయున్నదని కాక, నిర్ణయించినది పూర్తియైనదా యని అడుగును. వారు తక్కినవారికంటె ముందుగా పనిలో చేరిరి.

మా రేడియోవారికి సంబంధించిన ముచ్చటయు ఒకటి కలదు. 2000లో స్కాట్లండున వాణిజ్య రేడియో కేంద్రములద్వారా ప్రజలకు నడుమునొప్పినిగూర్చి బోధించిరి: కదలుచుండుడు, మామూలు నొప్పిమాత్రలు చాలును, అవసరమైనచో సలహా పొందుడు. కొలది నెలలలోనే విశ్రాంతిపై జనుల నమ్మకము తగ్గెను. అనారోగ్యపు సెలవులు మాత్రము తగ్గలేదు! మాటచేత తలంపు మారును గాని, మంచమునుండి లేవదీయుటకు చేయి కూడ కావలెనేమో.

ఆ చేయి ఎట్లుండవలెనో 2023లో ఆస్ట్రేలియావారు చూపిరి. పెర్తు, సిడ్నీ నగరములలోని 20 చికిత్సాలయములలో, నొప్పిచేత అశక్తులైన 492 మందిపై ఆ పరిశోధన జరిగెను. ఫిజియోథెరపిస్టు మొదట రోగి కథ అంతయు వినును. ఏ కదలికకు భయమో దానినే మెల్లగా చేయించి, ఊపిరి బిగబట్టక, కండరములు బిగించక వంగుటను నేర్పును. పిమ్మట మనుమని నెత్తుకొనుటయో, తోటపనియో, రోగి కోరిన పనికి మరలించును. పండ్రెండు వారములలో ఏడు పర్యాయములకు మించలేదు. 26వ వారమున మరియొకటి. ఏడాది తరువాతను ఆ మేలు నిలిచియుండెను. అదే ఏడాది డిసెంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ, దీర్ఘకాలపు నడుమునొప్పికి ట్రాక్షను, నడుముపట్టీలు, అల్ట్రాసౌండు మామూలుగా వాడవలదనెను.

మన ఊళ్ళలోని ఆసుపత్రులలో ట్రాక్షను బల్ల చుట్టును నేటికిని రోగులు కూర్చుండి యుందురు. బల్ల ఖాళీయగువరకు ఒకరికొకరు తమ నొప్పి కథలు చెప్పుకొనుచుందురు. ఫిజియోథెరపిస్టు ఆ కథలు వినుచునే, గడియారము చూచుకొని, తరువాతివారిని పిలుచును.