ఈల – కూత – విజిలు

రజతోత్సవ సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాయుడని సంఘమువారు కోరగా, రాజుల కథలు వ్రాయువారు వేరుగా నున్నారు గనుక, నేనొక చిన్న మాట చరిత్రను ఎన్నుకొంటిని. అది ఈల.

పెదవులు బిగించి గాలి నూదగా పుట్టు ధ్వనికి మన భాషలో ఈల యని పేరు. కాపరి మందను మరలించుటకును, పొలములోనివాడు గట్టుమీది తోడివానిని పిలుచుటకును, నాటకశాలలో ప్రేక్షకుడు మెప్పునుగాని వెక్కిరింతనుగాని తెలుపుటకును దానినే వాడుదురు. ఒకే ధ్వని రెండింటికిని చెల్లుట చేతనే కాబోలు, పెద్దల యెదుట ఈల మర్యాద కాదనిరి. చీకటి పడినపిదప ఈల వేసిన పాములు వచ్చునని అవ్వలు బెదరించెడివారు. పాముల సంగతి ఎట్లున్నను పిల్లల నోళ్లు మూతపడెడివి.

సంస్కృతమున మనుజుని ఈలకంటె వెదురు ఈలకే గౌరవ మధికము. గాలి చొరబడి మ్రోగు వెదురునకు కీచకమని అమరకోశము పేరు చెప్పుచున్నది. కాళిదాసు కుమారసంభవమున హిమవంతమును వర్ణించుచు, ఆ వెదుళ్లు కిన్నరుల పాటకు శ్రుతి పట్టుచున్నట్లు భావించెను. విరాటపర్వము విన్న మనకు మాత్రము కీచకుడనగానే వేరొకడు జ్ఞప్తికి వచ్చును!

1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయి–ఠాణాల నడుమ ప్రయాణికుల రైలు నడచినది. ఇంగ్లీషువారు ఇంజను ధ్వనిని విజిల్ అనిరి. మనవారు దానిని ఈల యనలేదు, కూత యనిరి. కోడికూత, చెడుగుడు కూత, రైలుకూత. పల్లెవాని చెవి ఎంత నిశితమో చూడుడు! పెదవులనుండి వచ్చునది ఈల, గొంతునుండి వచ్చునది కూత. ఇంజనుకు గొంతు కలదని వాడెరుగును. ఆవిరి ఇంజనులు పోయి హారనులు వచ్చినను కూత యను మాట పోలేదు.

విజిలు చరిత్ర వేరు. లండను పోలీసులు తొల్లి కొయ్య గిలకలను త్రిప్పి ఒకరినొకరు పిలుచుకొనెడివారు. 1880 దశకమున బర్మింగ్‌హామ్ నగరవాసి జోసెఫ్ హడ్సన్ చేసిన లోహపు విజిలు వాటి స్థానము నాక్రమించినది. లోపల చిన్న గోళీ దొరలు విజిలును గూడ ఆతడే ప్రచారమునకు తెచ్చెను. ఆ జాతివే నేడు ఆటస్థలములందు వినబడునవి. ఇక వంటింట కుక్కరు విజిళ్లు లెక్కించి పప్పు దింపని ఇల్లు అరుదు.

ఈలకు తెలుగునాట సభాగౌరవము కల్పించినవారు కల్యాణం రఘురామయ్యగారు (1901–1975). గుంటూరుసీమకు చెందిన ఆ నటులు కృష్ణపాత్రకు ప్రసిద్ధులు. నోట వ్రేలుంచి రాగములను ఈలగా పలికించెడివారు. వేణువు లేని లోటు తెలియకుండెడిది. ప్రజలు ‘ఈలపాట’ను ఆయన ఇంటిపేరుగా చేసిరి. 1975లో ప్రభుత్వము పద్మశ్రీతో సత్కరించినది.

బాల్యమున తరగతిలో ఈల వేసి నేను బెత్తపు దెబ్బలు తింటిని. కొట్టిన ఉపాధ్యాయులవారే ఆ వారము నాటకపు పందిటిలో రఘురామయ్యగారి ఈలకు ‘వన్స్ మోర్’ అని కేకవేయగా నేను వెనుక వరుసనుండి కన్నులార చూచితిని. ఆ దెబ్బలకు నాకు నేటికిని కోపము తీరలేదు.

ఇప్పటి పిల్లలు పెదవులతో ఊదినదానిని గూడ ‘విజిల్ వేసితిమి’ అనుచున్నారు. మొన్న మన పఠనమందిరమున నొక బాలుడు, ఈలపాట అనగా ఏ ఊరండీ అని నన్నడిగినాడు. నేను సమాధానము నోటితో చెప్పక, పెద్దల యెదుటనే, వ్రేలు నోటనుంచి వినిపించితిని.