లాకుల దగ్గరి లస్కరు

ఏలూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, దూరం నుంచి చదివేవాళ్ల కోసం చెప్తాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో. అటు గోదావరి నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే కాలువా, ఇటు కృష్ణ నుంచి వచ్చే కాలువా మా ఏలూరులో కలుస్తాయి. 1890ల్లో రైలు వచ్చేదాకా రాజమండ్రి నుంచి బెజవాడ వెళ్లే సరుకూ, మనుషులూ చాలావరకు ఈ నీళ్ల మీదే పడవల్లో వెళ్లేవి. కాలువల్లో నీటి మట్టం అన్నిచోట్లా ఒకటి కాదు కదా, అందుకే లాకులు కట్టారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు, నీళ్లు పెరిగేదాకా సబర్‌గా ఆగుతారు, అప్పుడు ముందు తలుపు తెరుస్తారు. ఆ తలుపులు తిప్పే జీతగాడి పేరు లస్కరు. లష్కర్ అంటే మన జబాన్‌లో ఫౌజు. ఫౌజు మాట ఓడల మీద ఖలాసీ అయ్యి, చివరికి ఇరిగేషన్ శాఖలో నీళ్ల దర్వాజా కాసే మనిషి అయింది. మాటలు కూడా పడవల్లాంటివే, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతాయో తెలీదు.

కంప్యూటర్ నెట్‌వర్కుల్లో కూడా ఇలాంటి లాకులు ఉన్నాయి. వాటి పేరు గేట్‌వే. ఇక్కడో నెట్‌వర్కు, అక్కడో నెట్‌వర్కు, రెండిటి పద్ధతులూ వేరు, వేగాలూ వేరు. మధ్యన ఒక యంత్రం కూర్చుని ఇటు వచ్చిన పొట్లాన్ని అటు దాటిస్తుంది. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రాసిన ఇంటర్నెట్ మూలపత్రంలో ఆ యంత్రానికి పెట్టిన పేరే గేట్‌వే. ఇవాళ అందరూ రౌటర్ అంటున్నారు గానీ మీ ఫోన్ సెట్టింగుల్లో ఇంకా ఆ పాత పేరే ఉంటుంది, చూడండి. ఆ దర్వాజా తలుపులు తిప్పడానికి లస్కరు చేతిలో ఉండే ఇనుప కడ్డీల్లాంటివి కొన్ని చిన్న హుకుంలు. నల్లటి తెర మీద అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కడమే, బొమ్మలుండవు. మన ఇళ్లకు గల్ఫ్ ఖబర్లు పాతికేళ్లుగా ఆ హుకుంల గుండానే వస్తున్నాయి, వాటి తారీఖ్ మాత్రం మన జబాన్‌లో ఎవరూ చెప్పుకోలేదు. తారీఖ్ అంటే చరిత్ర అని తెలుగు దోస్తులకు మళ్లీ చెప్పాలి, వాళ్లకు అది తేదీ మాత్రమే.

ఆ హుకుంల పుట్టిల్లు కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ. 1983లో అక్కడి నుంచి వచ్చిన యూనిక్స్ 4.2 బీఎస్‌డీలో ఇఫ్‌కాన్ఫిగ్, రూట్, నెట్‌స్టాట్ ఉన్నాయి. ఇఫ్‌కాన్ఫిగ్ పని తీగకు చిరునామా ఇచ్చి లేపడం. చిరునామా మాట కూడా మనదే, ఫారసీ సర్‌నామా. రూట్ పని దారి చెప్పడం. అందులో ‘రూట్ యాడ్ డిఫాల్ట్’ అనే హుకుం అర్థమైతే సగం విద్య వచ్చినట్టే. ‘నీకు తెలిసిన ఇళ్లకు నువ్వే ఇచ్చుకో. తెలియని చిరునామా ఏదొచ్చినా ఫలానా దర్వాజాకు పంపించు’ అని దాని భావం. కొల్లేరు పక్కన పుట్టినవాడికి ఇది చిటికెలో ఎక్కుతుంది. బుడమేరు వస్తుంది, తమ్మిలేరు వస్తుంది, చేలల్లోంచి ఎన్నో డ్రెయిన్లు వస్తాయి. సముద్రానికి పోవడానికి ఉన్న దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. కొల్లేటికి ఉప్పుటేరే డిఫాల్ట్ రూట్. అది పూడితే ఏమవుతుందో వరదల్లో ఇల్లు మునిగినవాళ్లకు తెలుసు.

అదే 1983 డిసెంబర్‌లో అమెరికా సైన్యం ప్రయోగశాలలో పనిచేసే మైక్ మ్యూస్ ఒక్క రాత్రిలో పింగ్ రాశాడు. ‘ఉన్నావా?’ అని ఒక పొట్లం పంపడం, ‘ఉన్నాను’ అని జవాబు వస్తే ఎంతసేపట్లో వచ్చిందో చెప్పడం, అంతే దాని పని. జలాంతర్గాములను వెతికే సోనార్ చప్పుడు మీద ఆ పేరు పెట్టాడు. ఐదేళ్ల తర్వాత వాన్ జాకబ్సన్ ట్రేస్‌రూట్ ఇచ్చాడు, దారిలో పొట్లం దాటిన ఒక్కో దర్వాజా పేరూ వరసగా చెప్పేది. నా మటుకు నాకు ఈ రెండిటికన్నా గొప్ప సాఫ్ట్‌వేర్ లేదు.

హిందుస్తాన్‌లో మొదటి దర్వాజాలు సర్కారువి. 1986లో ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి డబ్బు సాయంతో ఎర్నెట్ మొదలుపెట్టింది. ఐదు ఐఐటీలు, బెంగుళూరు ఐఐఎస్‌సీ, బొంబాయి ఎన్‌సీఎస్‌టీ, ఆ శాఖ, మొత్తం ఎనిమిది చోట్లు. మొదట్లో అవి యూయూసీపీ అనే పద్ధతిలో మాట్లాడుకునేవి. ఒక యంత్రం ఇంకో యంత్రానికి ఫోన్ చేసి, పోగైన ఖత్‌లన్నీ ఇచ్చి పుచ్చుకుని ఫోన్ పెట్టేసేది. వారానికోసారి వచ్చే టపా పడవ లాంటిది. 1989లో బొంబాయి నుంచి అమెరికాలోని యూయూనెట్‌కు సెకనుకు 9.6 కిలోబిట్ల తీగ పడింది. దేశంలోని పెద్ద పెద్ద ఆలింలంతా ఆ సన్నటి సందులోంచే ప్రపంచాన్ని చూశారు. యూయూనెట్ పెట్టిన రిక్ ఆడమ్స్ 1984లోనే స్లిప్ అనే పద్ధతి రాసినవాడు. మామూలు టెలిఫోన్ తీగ మీద ఇంటర్నెట్ పొట్లాలు పంపే ఉపాయం అది.

మామూలు జనానికి దర్వాజా 1995 ఆగస్టు 15న తెరిచారు. వీఎస్‌ఎన్‌ఎల్ ఆ సేవకు పెట్టిన పేరు గేట్‌వే ఇంటర్నెట్ యాక్సెస్ సర్వీస్. పేరులోనే దర్వాజా ఉంది. కాకపోతే ఆ దర్వాజాలో రెండు తలుపులు. డబ్బున్నవాళ్లకు బొమ్మల ఇంటర్నెట్. విద్యార్థులకు 500 రూపాయలకు 500 గంటల షెల్ అకౌంట్. అందులో అక్షరాలే, బొమ్మల్లేవు. మీరు వీఎస్‌ఎన్‌ఎల్ యూనిక్స్ యంత్రం మీద కూర్చుని హుకుంలు కొట్టాలి, మీ ఇంటి కంప్యూటర్ ఒట్టి టైపు మిషనే. పేదవాడికి అరుగు దాకే ప్రవేశం, దహలీజ్ దాటడానికి లేదు.

కుర్రవాళ్లు ఊరుకుంటారా? 1995లోనే స్లర్ప్ అనే ప్రోగ్రాం వచ్చింది. షెల్ అకౌంట్‌లోకి దాన్ని ఎక్కించి ఒక్క హుకుం కొడితే, అక్షరాల తీగే ఇంటర్నెట్ తీగగా నడుస్తుంది. అటువైపు యంత్రానికి ఒక విద్యార్థి టైపు చేసుకుంటున్నట్టు కనిపిస్తుంది, ఇటువైపు ఇంట్లో బొమ్మలు దిగుతుంటాయి. ఇది నాజాయజ్ పని అన్నవాళ్లు ఉన్నారు. నేనైతే అక్కడ జులుం ఎవరిదో ముందు అడుగుతాను. అక్షరం మోసిన తీగే బొమ్మనూ మోస్తుంది, ధర ఒక్కటే వేరు. ఆ స్లర్ప్ కోడ్ తర్వాత క్యూఈఎంయూ అనే పెద్ద ప్రోగ్రాంలో భాగమై ఇప్పటికీ బతికుంది.

స్లిప్ తర్వాత వచ్చింది పీపీపీ. 1994లో దాని నియమాలు ఖరారయ్యాయి. యూనిక్స్‌లో దాన్ని నడిపేది పీపీపీడీ. చివరి ‘డీ’ అంటే డీమన్, తెర వెనక కనిపించకుండా పనిచేసే ప్రోగ్రాం. జిన్ అనుకోండి, పేరు చూసి భయపడకండి. ఆస్ట్రేలియాలోని పాల్ మెకరస్ ఏళ్ల తరబడి దాని మంచిచెడ్డలు చూశాడు. ఇది ఎలా పనిచేస్తుందో చెప్పమంటే నాకు మన రిష్తా మాటలే గుర్తొస్తాయి. ముందు ఫోన్ కలుస్తుంది. తర్వాత రెండు వైపులా షర్తులు పెట్టుకుంటాయి. ఇది కావాలి అని ఒకరు, సరే అనో, అది కుదరదు ఇంతకు ఒప్పుకోండి అనో, అసలు ఆ మాటే వద్దు అనో ఇంకొకరు. అన్నీ కుదిరాక మీరెవరు, రుజువేంటి అని పేరూ, సంకేతపదమూ అడుగుతారు. అది నచ్చితేనే చిరునామా చేతిలో పెడతారు. ఇదంతా రెండు మూడు సెకన్లలో. మన పెద్దలకు రెండు మూడేళ్లు పడుతుంది.

ఇక మా ఊరికి వస్తాను. లినక్స్ జిల్లాల దాకా రావడానికి కారణం ఇంటర్నెట్ కాదు, పత్రికలు. పీసీ క్వెస్ట్ 1996 మార్చిలో లినక్స్ సీడీని పత్రికతో పాటు ఇచ్చింది, తర్వాత కూడా ఇస్తూ వచ్చింది. 1998 నవంబర్ నుంచి ప్రైవేటు కంపెనీలకూ ఇంటర్నెట్ అమ్మే ఇజాజత్ దొరికింది. ఊరూరా ఇంటర్నెట్ షాపులు వెలిశాయి. నేను డిగ్రీలో ఉన్న రోజుల్లో ఏలూరులో నేను వెళ్లే షాపులో ఆరు కంప్యూటర్లు, ఒకే టెలిఫోన్ తీగ, ఒకే 56కే మోడెం. మూల మీద తెర కూడా పాతబడిన ఏడో యంత్రం ఒకటి ఉండేది. లినక్స్ వేసిన ఆ యంత్రమే గేట్‌వే. దాన్ని చూసుకునే కుర్రాడు నాకన్నా చిన్నవాడు. ఇంజనీరింగ్ కాదు కదా, ఇంటర్ కూడా మధ్యలో ఆపేశాడు.

అతని పని రెండు హుకుంలు. ఐపీఫార్వర్డ్ అనే ఒక ఫైలు ఉంటుంది, మామూలుగా అందులో సున్నా ఉంటుంది. అంటే ఈ యంత్రం తన పని తాను చూసుకుంటుంది, ఎవరి పొట్లాన్నీ దాటించదు. ఆ సున్నా చోట ఒకటి రాస్తే లాకు తలుపు తెరుచుకుంటుంది. రెండోది ఐపీచైన్స్ అనే హుకుంతో ఆరు యంత్రాలకూ మాస్కరేడ్ పెట్టడం, అంటే నఖాబ్ వేయడం. బయటి లోకానికి ఒక్క చిరునామాయే కనిపిస్తుంది. జవాబు రాగానే ఎవరిది ఎవరికో లోపల గేట్‌వే పంచిపెడుతుంది. ఉమ్మడి ఇంట్లో అందరి ఖత్‌లూ దాదా పేరు మీద వచ్చి లోపల పంచుకున్నట్టు.

నేను చదివింది ఉర్దూ మీడియం. ఇంగ్లీషు వాక్యమంటే అప్పట్లో నాకు చెమటలు. కానీ ఆ తెర మీద వాక్యాలు లేవు, ‘చెయ్యి’ అని ఒక మాట, ‘దీన్ని’ అని ఒక మాట. హుకుంనామా భాష. అది నేర్చుకోవడానికి కాన్వెంటు అక్కర్లేదని ఆ కుర్రాణ్ణి చూసి అర్థమైంది.

పీసీ నుంచి పీసీకి మాట్లాడుకోవడం మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి జాయజ్ అయింది. ఐఎస్‌డీ కాల్ నిమిషానికి పదుల రూపాయలు ఉన్న రోజులు. ఆ ఏడాది రంజాన్ నెలలో ఒక జుమ్మా రోజు దాదీమాను రిక్షాలో షాపుకు తీసుకెళ్లాను. మా చాచా కువైట్‌లో డ్రైవర్, జుమ్మాకు సెలవు, అక్కడి షాపులో కూర్చున్నాడు. కుర్రాడు మిగతావాళ్లతో, “అన్నా, కాసేపు పేజీలు తెరవకండి, కువైట్ మాట్లాడుతున్నారు” అన్నాడు. ఐదుగురూ చేతులు తీసేశారు. ఆ తీగలో గొంతుకు చోటు కావాలంటే ఇంకెవరూ కదలకూడదు మరి.

దాదీమా అడగాల్సింది ఒక్కటే, కఫీల్ ఛుట్టీ ఇచ్చాడా లేదా అని. నాలుగేళ్లయింది కొడుకును చూసి. ఆ మాట అడిగేసరికి గొంతు తెగిపోయింది. “సున్‌రా క్యా బేటా? సున్‌రా క్యా?” అని ఆమె మైకును చెవికి పెట్టుకుని అడుగుతూనే ఉంది. కుర్రాడు మూల యంత్రం దగ్గరికి వెళ్లి పింగ్ కొట్టాడు. ముందు సొంత దర్వాజాకు, తర్వాత తీగ అవతలి కొసకు. అవతలి కొస పలకలేదు. “కువైట్ బాగానే ఉంది దాదీ, మన ఫోనే పోయింది” అన్నాడు. పీపీపీడీలో ఎల్‌సీపీ ఎకో అని ఒకటి పెట్టుకోవచ్చు. కొన్ని సెకన్లకోసారి అది అవతలి వైపును ‘ఉన్నావా’ అని అడుగుతుంది. ఇన్నిసార్లు జవాబు రాకపోతే తీగ తెగిందని ఒప్పుకుంటుంది. పక్కన పర్సిస్ట్ అనే మాట రాసి ఉంటే నిరాశ పడకుండా మళ్లీ నంబరు తిప్పుతుంది. మోడెం కీచుమంటూ మూడోసారికి కలిసింది. చాచా లేచి వెళ్లలేదు. ఛుట్టీ దొరకలేదని, బక్రీద్‌కు కూడా కష్టమేనని చెప్పాడు. దాదీమా సరే బేటా అంది, ఇఫ్తార్‌కు ఏం తింటున్నావని అడిగింది.

ఆ కుర్రాడు దాదీమా దగ్గర గంట డబ్బులు పూర్తిగా తీసుకున్నాడు, తెగిన పది నిమిషాలతో సహా. అదీ రాయాలి కదా.

ఇఫ్‌కాన్ఫిగ్ ఇప్పుడు ముసలిదైంది. రష్యాకు చెందిన అలెక్సీ కుజ్నెత్సోవ్ రాసిన ‘ఐపీ’ అనే హుకుం దాని పనీ, రూట్ పనీ కలిపి చేస్తుంది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్‌ఐటీ ఉంది, అక్కడ నెట్‌వర్కులు చదివే పిల్లలకు ఇవి రోజువారీ మాటలు. 2017 డిసెంబర్‌లో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయల నుంచి ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చింది. తలుపులు పెద్దవయ్యాయి, లస్కరు మాత్రం దూరమయ్యాడు. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను రోజుల తరబడి ఆపేశారు. గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లు అక్కడా తక్కువేం కాదు. నాటి షాపులో తీగ తెగితే ఎక్కడ తెగిందో చెప్పే కుర్రాడు పది అడుగుల దూరంలో ఉండేవాడు. ఇప్పుడు తలుపు మూసిన చెయ్యి ఎవరిదో మామూలు మనిషికి కనిపించదు.

అయినా ఒక లాకు మీ చేతిలోనే మిగిలింది. ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లినక్సే. ఈసారి పిల్లల చదువు కోసం హాట్‌స్పాట్ నొక్కినప్పుడు గుర్తుంచుకోండి, ఆ క్షణాన మీ ఫోన్ గేట్‌వే అవుతుంది, ఇంటిల్లిపాది పొట్లాలకూ నఖాబ్ వేసి ఒక్క చిరునామా మీద బయటికి పంపుతుంది. లోపల అదే పాత ఐపీఫార్వర్డ్ ఫైలులో సున్నా చెరిగి ఒకటి పడుతుంది.