బార్ మిత్స్వా: పదము, ఆచారము

యూదు బాలునకు పదుమూడేండ్లు నిండినపుడు జరుగు ఉత్సవమును 'బార్ మిత్స్వా' యనుట నేటి వాడుక. కాని యీ పదము మొదట ఉత్సవమునకు గాక వ్యక్తికి పేరు. 'బార్' అనునది అరమాయిక్ పదము; పుత్రుడని యర్థము. 'మిత్స్వా' హీబ్రూ పదము. ఆజ్ఞ యని యర్థము. ధర్మాజ్ఞలకు బద్ధుడైనవాడని భావము. తాల్ముదులో నిదియే యర్థము.

దీనిని మన యుపనయనముతో పోల్చవచ్చును గాని, పోలిక కొంతవరకే చెల్లును. ఉపనయనమున సంస్కారమే యధికారము నొసగును. ఇచట వయస్సే యొసగును. ఉత్సవము జరుగకున్నను బాలుడు బద్ధుడే. ఉత్సవము మధ్యయుగముల చివర ఐరోపాలో రూపుగొన్నది.

ఆనాడు బాలుడు సినగాగులో 'బీమా' యను వేదిక నెక్కి తోరా చుట్ట ముందు నిలుచును. ఆ పిలుపునకు 'అలియా', అనగా ఆరోహణము, అని పేరు. 'సినగాగ్', 'బీమా' పదములు రెండును గ్రీకు మూలములు. సినగాగునకు హీబ్రూ నామము 'బేత్ క్నెసెత్', అనగా సమావేశగృహము. కుమారుని బాధ్యతనుండి తనను విడిపించినందులకు తండ్రి దైవమును స్తుతించును. సామూహిక ప్రార్థనకు వలయు పదుగురలో, అనగా 'మిన్యాను'లో, బాలుడు నాటినుండి లెక్కకు వచ్చును.

బాలికకు ప్రాచీనధర్మము పండ్రెండేండ్లకే బాధ్యతను విధించినది. వేదికను మాత్ర మీయలేదు. 1922 మార్చి 18న న్యూయార్కులో మొర్దెకై కాప్లాన్ కుమార్తె జూడిత్ సినగాగులో పఠించినది. కాని చుట్టనుండి కాదు, అచ్చుపుస్తకమునుండి. కావున ఈ పదచరిత్రను వ్రాయువారు బాధ్యతను, దానిని సభలో స్వీకరించు గౌరవమును వేర్వేరుగా పరిశీలింపవలెను.