చెప్పకయే తెలిసికొన్న పిల్లలు

1948 జూన్ మాసమున అమెరికాలోని బోస్టన్ నగర వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒక వ్యాసము ప్రకటించెను. రక్తపు క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అను మందు నిచ్చి చూడగా 10 మందికి వ్యాధి కొంతకాలము తగ్గెనని అందలి సారాంశము. ఆ మందు లెడర్లీ ప్రయోగశాలలో, మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున తయారైనది. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూసిరి. మందు గొప్పతనమును మనము పలుమార్లు చెప్పుకొందుము; అది ఇచ్చిన గడువు కొలది మాసములే యను మాట అంతగా చెప్పుకొనము. వ్యాధి తిరుగబెట్టిన పిదప ఆ పిల్లలకు, వారి తల్లిదండ్రులకు తోడెవరు?

ఆనాటి ఆచారము మౌనము. బిడ్డకు నిజము చెప్పరాదని వైద్యులు, చెప్పలేక తల్లిదండ్రులు ఊరకుండిరి. 1978లో మైరా బ్లూబాండ్ లాంగ్నర్ అను మానవశాస్త్రవేత్త ప్రచురించిన గ్రంథము ఈ మౌనపు గుట్టు విప్పెను. రక్తపు క్యాన్సరుతో ఆసుపత్రిలో నున్న చిన్నారుల నడుమ ఆమె చాలకాలము మసలి వారి మాటలు వినెను. ఎవరును చెప్పకయే ఆ పసివారు తమ వ్యాధి ఎట్టిదో, మందు లేమి చేయునో, తుదకు తాము బ్రదుకబోమనియు గ్రహించిరి. తోటి బిడ్డ మరణవార్త చెవిని పడుటతో వారికి అంతయు అర్థమయ్యెడిది. తెలిసియు పెదవి విప్పరైరి. విప్పినచో అమ్మ ఏడ్చును, పెద్దలు ప్రక్కకు తప్పుకొందురు. మన ఇండ్లలో మాత్రము ఇట్లు జరుగుట మనము చూడలేదా?

ఆ 1978లోనే ఇంగ్లండున హెలెన్ అను రెండేండ్ల బాలికకు మెదడులో కంతి ఏర్పడెను. శస్త్రచికిత్సానంతరము ఆమె పూర్తిగా పరాధీన యయ్యెను. తల్లిదండ్రులు ఇంటనే సాకుచుండిరి. నర్సుగా శిక్షణ పొందిన ఆక్స్‌ఫర్డు సన్న్యాసిని సిస్టర్ ఫ్రాన్సెస్ డొమినికా, అప్పుడప్పుడు కొన్నాళ్లు బిడ్డను తాను చూచుకొందుననెను. ఆ స్నేహమునుండియే 1982లో, పిల్లల కొరకే ఏర్పడిన తొలి హాస్పిస్, హెలెన్ హౌస్ వెలసెను. దానిని మరణశాల యనుకొనరాదు. అలసిన కుటుంబము బిడ్డతో వచ్చి, సేదదీరి, మరల ఇల్లు చేరుటకు కట్టిన ఇల్లది.

ఉపశమన చికిత్స రోగనిర్ధారణ నాడే ఆరంభము కావలెననియు, వ్యాధికి చికిత్స జరుగుచున్నను లేకున్నను సాగవలెననియు, కుటుంబమునకు కూడ ఆదరవు కావలెననియు 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను.

మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము మార్ఫిన్‌ను ఆసుపత్రులకు దుర్లభము చేసెను. 2014 సవరణతో అనుమతుల చిక్కు కొంత సడలినది. హైదరాబాదు ఎమ్.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో నేడు పిల్లలకును ఈ చికిత్స లభించుచున్నది. మార్ఫిన్ అనగానే అలవాటు పడునేమో యని తల్లులు జంకుదురు. నొప్పికి తగిన మోతాదులో, వైద్యుని పర్యవేక్షణలో ఇచ్చినపుడు ఆ భయమునకు తావు మిక్కిలి తక్కువ. నొప్పి పుట్టిన పిదప గాక, వేళ తప్పక, నోటి ద్వారా ఇవ్వవలసిన మందది. నొప్పి తగ్గిన బిడ్డ నిద్రించును, లేచి అన్నము అడుగును, బొమ్మలు తెమ్మనును.