పలకరాయి అడుగున సముద్రం

తెలుగునాట మార్కాపురం పేరు పలకతో ముడిపడి ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు పొరుగునున్న కంభం పేరుతో వ్యవహరించే ప్రాచీన శిలాపొరల నుండి తీసిన రాయి ఇక్కడ బడిపిల్లల చేతి పలకగా, ఆ తరువాత గచ్చుకు పరిచే బండగా, ఎగుమతి సరుకుగా మారిన వైనం అందరికీ తెలిసినదే. ఇదే జాతి రాయి 19వ శతాబ్దపు ఇంగ్లండులో సముద్రజీవులను ఇంట పెంచే గాజుతొట్టికి అడుగుగా అమరిందన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

1846లో ఆనా థిన్ అనే మహిళ సముద్రతీరం నుండి పగడపు జీవులను లండనుకు తెచ్చుకొని, నీటికి ప్రాణవాయువు అందడానికి పనిమనిషి చేత రోజూ తెరిచిన కిటికీ ముందు, పాలు తిరగబోసినట్లు, ఒక పాత్ర నుండి మరొక పాత్రలోకి పోయించేది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపలగృహం తెరుచుకుంది. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన గ్రంథంతో ‘అక్వేరియం’ అన్న మాట ఇంటింటికీ పాకింది. నీరు పీల్చదు, ఉప్పుకు కరగదు, చదునుగా చీలుతుంది కనుక తొట్టి అడుగుకు పలకరాయిని ఎంచుకొని, గాజుపలకలను దానికి లప్పంతో అతికించేవారు. ఇనుప చట్రాలు వచ్చాక ఉప్పునీటికి తుప్పు పట్టడం పెద్ద బెడద అయింది. 1960లలో సిలికాన్ జిగురు వాడుకలోకి వచ్చాకే చట్రమూ, రాతి అడుగూ రెండూ తప్పుకున్నాయి.

తీరానికి దూరంగా ఉన్నవారికి నీరే అసలు చిక్కు. గాస్ 1854లోనే మామూలు ఉప్పు, ఎప్సమ్ ఉప్పు, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు కలిపి కృత్రిమ సముద్రజలం తయారుచేసే పాళ్లు ప్రకటించాడు. 1909లో మద్రాసు మెరీనాలో వెలసిన అక్వేరియానికి సముద్రం ముంగిటనే ఉంది. అప్పట్లో అదే మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లాకు చెంది, 1970లో ఒంగోలు జిల్లాలో చేరిన మార్కాపురానికి మాత్రం సముద్రం దాదాపు 100 కిలోమీటర్ల దూరం. గుండ్లకమ్మ మీది కంభం చెరువు చేపలే ఈ ప్రాంతానికి పరిచితం కావడంలో వింత లేదు.

నేడు ప్యాకెట్టులో దొరికే లవణమిశ్రమాన్ని లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలిపితే సముద్రజలం సిద్ధమవుతుంది. అయితే మార్కాపురం ప్రాంతపు బోరునీరు కఠినమైనది, అనేకచోట్ల ఫ్లోరైడు గలది. కాబట్టి ఊరూరా తాగునీటికి వెలసిన ఆర్‌ఓ ప్లాంటు నీరే ఇక్కడ అనుకూలం. తొట్టి ఎంత చిన్నదైతే నీటి గుణం అంత త్వరగా మారుతుంది గనుక, చౌక అనిపించే 20 లీటర్ల గిన్నె కన్నా 100 లీటర్ల తొట్టే కొత్తవారికి సులభం. చలిదేశపు పుస్తకాలు ముందుగా కొనమనే హీటరు కంటే, 40 డిగ్రీలు దాటే మార్కాపురం వేసవికి నీటిమీదుగా గాలి విసిరే చిన్న ఫ్యాను ముఖ్యం. ఆ గాలికి నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది కాబట్టి, తగ్గిన మేరకు మంచినీటినే పోయాలి. ఉప్పునీరు పోస్తే సాంద్రత రోజురోజుకూ పెరుగుతుంది. నీటి సాంద్రతను 1.023, 1.025 మధ్య ఉంచడానికి హైడ్రోమీటరు తప్పనిసరి.

చేపల విసర్జన నుండి పుట్టే విషపూరిత అమ్మోనియాను బాక్టీరియా ముందు నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మార్చే ప్రక్రియ కుదురుకోవడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ఆ గడువు ముగియకముందే చేపలను వదలడమే చాలా తొట్లు ఖాళీ కావడానికి కారణం. తొలి చేపగా కేంద్రాల్లో పెంచిన క్లౌన్ చేపల జంట సరిపోతుంది. డామ్సెల్ చేప గట్టిదే గాని కయ్యాలమారి. సినిమాతో పేరు పొందిన నీలి సర్జన్ చేపకు ఈదడానికి పెద్ద తొట్టి కావాలి, నీటిలోని అతిచిన్న జీవులను ఏరుకు తినే మాండరిన్ చేప కొత్త తొట్టిలో ఆకలితో చస్తుంది.

రాళ్ల విషయంలో ఒక వైచిత్రి ఉంది. ఏ గుణంతో పలకరాయి తొట్టికి అడుగైందో, ఆ గుణం వల్లనే అది తొట్టి లోపల అంతగా కొరగాదు: రంధ్రాలు లేని రాతిపై బాక్టీరియాకు చోటు స్వల్పం. ఆ పనికి పేరుపడిన పగడపు రాయిని సముద్రం నుండి తీయడం భారత వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం గనుక, రంధ్రాలు గల సిరామిక్ ముక్కలు వాడుతున్నారు. మార్కాపురపు పలకముక్కలు మాత్రం, పైరైటు మెరుపులు లేనివి ఏరుకొని, ఒకదానిపై ఒకటి వాలుగా పేర్చితే చేపలు దాగే చీకటి గుహలవుతాయి.