కస్టమ్ రివాల్వర్లు: తయారీ, సేకరణ చరిత్ర

కర్మాగారం అందరికీ ఒకే తీరున తయారు చేసిన రివాల్వర్‌ను ఒక వ్యక్తి చేతికి, కంటికి, అవసరానికి తగినట్టుగా నిపుణుడు తిరిగి మలిచినా, ఒక కొనుగోలుదారు కోరిన కొలతల ప్రకారం కర్మాగారమే ప్రత్యేకంగా కట్టి ఇచ్చినా దానిని కస్టమ్ రివాల్వర్ అంటారు. తుపాకులను బాగుచేసి, మార్చి, మెరుగుపరిచే ఇటువంటి పనివాడికి గన్‌స్మిత్ అని పేరు. ఈ కళ ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పెరిగింది. దాని పాత నమూనాలను సేకరించి, పరిశీలించి, భద్రపరిచే అలవాటు కూడా అక్కడే బలపడింది. పాత తుపాకుల సేకరణలో సాధారణ సూత్రం ఏమిటంటే, కర్మాగారం నుంచి వచ్చిన స్థితికి ఎంత దగ్గరగా ఉంటే అంత విలువ, ఎవరు చేయి పెట్టినా విలువ తగ్గుతుంది. కస్టమ్ రివాల్వర్ విషయంలో ఈ సూత్రం తలకిందులవుతుంది, ఎందుకంటే ఇక్కడ విలువంతా ఆ మార్పులోనే ఉంది. అయితే ఆ మార్పు చేసిన చేయి ఎవరిదో తెలిసినప్పుడే దానికి విలువ. తెలియనప్పుడు అది పాడుచేసిన పాత తుపాకీగానే మిగిలిపోతుంది. ఈ సేకరణ చరిత్ర మొత్తాన్ని నడిపించింది ఆ గుర్తింపు సమస్యే.

నగిషీ పనివారి కాలం

శామ్యూల్ కోల్ట్ 1836లో తన రివాల్వర్‌కు అమెరికాలో పేటెంటు పొంది, న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో తయారీ ప్రారంభించాడు. తూటా గదులున్న గుండ్రని సిలిండర్ ఒక్కో గుండుకు ఒక్కో మెట్టు తిరిగి, నిండుగా ఉన్న గదిని గొట్టానికి సూటిగా తెచ్చి నిలపడమే రివాల్వర్ పనితీరుకు మూలం. ప్యాటర్సన్ సంస్థ ఎక్కువ కాలం నిలవలేదు కాని, 1847లో వచ్చిన వాకర్ నమూనాతో కోల్ట్ మళ్లీ నిలదొక్కుకుని, కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో యంత్రాలతో ఒకే కొలత భాగాలను తయారు చేసే పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పాడు. యంత్రంతో వేల సంఖ్యలో ఒకేలాంటి వస్తువు తయారైన ఆ చోటే, దానిని వేరెవరి దగ్గరా లేనిదిగా మార్చే చేతిపని కూడా మొదలు కావడం గమనించదగినది. జర్మన్ ప్రాంతాల నుంచి వలస వచ్చిన నగిషీ పనివారు ఆకుల తీగెల వలె చుట్టుకునే వంపులను సన్నని ఉలితో ఉక్కు మీద చెక్కి, వాటి వెనుక నేలను చుక్కలతో నింపేవారు. వారిలో అగ్రగణ్యుడు గుస్తావ్ యంగ్. అతడు మొదట కోల్ట్‌కు, 1869 తర్వాత మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్మిత్ అండ్ వెసన్‌కు పనిచేశాడు. 1850ల నాటి క్రిమియా యుద్ధకాలంలో టర్కీ సుల్తాన్‌కు, రష్యా జార్‌కు బంగారం పొదిగిన రివాల్వర్లను కానుకగా పంపి కోల్ట్ తన వ్యాపారానికి రాజాదరణ వెతుక్కున్నాడు. సుల్తాన్ అబ్దుల్ మజీద్‌కు ఇచ్చిన దానికి జతగా తయారైన డ్రాగూన్ రివాల్వర్ న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

యంగ్ తర్వాత కోల్ట్ కర్మాగారంలో నగిషీ విభాగాన్ని 1871 నుంచి 1921 వరకు, అంటే అర్ధ శతాబ్దం పాటు, కూనో హెల్ఫ్రిఖ్ట్ నడిపించాడు. కర్మాగారం బయట న్యూయార్క్‌లో ఎల్.డి. నిమ్ష్కే అనే నగిషీకారుడు అనేక సంస్థల తుపాకుల మీద పనిచేశాడు. అతని ప్రత్యేకత ఉలిలోనే కాదు, అలవాటులోనూ ఉంది: తాను చెక్కిన నమూనాలకు కాగితం మీద అచ్చుతీసి, ఒక పుస్తకంలో దాచుకున్నాడు. ఆ అచ్చుల పుస్తకం 1965లో ప్రచురితమైనప్పుడు, అప్పటివరకు ఎవరు చెక్కారో తెలియని ఎన్నో రివాల్వర్లకు ఒక్కసారిగా కర్త దొరికాడు. పనివాడు తన పనిని నమోదు చేసుకోవడం ఎంత మేలు చేస్తుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ ఈ రంగంలో లేదు.

1873లో వెలువడిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ నమూనాలో ప్రతి గుండుకూ ముందు హేమర్‌ను, అంటే తూటాను పేల్చే సుత్తిని, బొటనవేలితో వెనక్కి లాగాలి. సింగిల్ యాక్షన్ అన్న మాటకు అర్థం అదే. ఈ నమూనాను కోరిన తీరున చేయించుకోవడానికి నగిషీలే అక్కరలేదని 1885 జులైలో డాడ్జ్ సిటీ నుంచి, షెరీఫ్‌గా పేరొందిన బ్యాట్ మాస్టర్సన్ కర్మాగారానికి రాసిన ఉత్తరం తెలుపుతుంది. నికెల్ పూత, తేలికగా కదిలే ట్రిగ్గర్, మామూలు కంటే కాస్త ఎత్తుగా, మందంగా ఉండే ముందు గురి కావాలని అతడు ఆ ఉత్తరంలో కోరాడు. అలంకారానికీ అవసరానికీ మధ్య ఉన్న తేడాను ఇంత స్పష్టంగా చూపే పాత పత్రాలు అరుదు. 1916లో టెక్సాస్‌లోని ఎల్ పాసోలో జార్జ్ ప్యాటన్ కొన్న సింగిల్ యాక్షన్ ఆర్మీ మాత్రం అలంకారం వైపుది. వెండిపూత, హెల్ఫ్రిఖ్ట్ కాలపు నగిషీ, పేరు పొడి అక్షరాలు చెక్కిన దంతపు పిడి గల ఆ రివాల్వర్ రెండవ ప్రపంచ యుద్ధకాలపు ఛాయాచిత్రాలలో సేనాని అయిన ప్యాటన్ నడుముకు కనిపించి లోకప్రసిద్ధమైంది.

ఐదవ సంఖ్య

నగిషీకి కాక పనితీరుకే పెద్దపీట వేసిన ఆధునిక కస్టమ్ రివాల్వర్‌కు మూలపురుషుడు ఎల్మర్ కీత్ (1899–1984). మిస్సోరిలో పుట్టి, మోంటానా, ఇడాహో ప్రాంతాలలో పశువుల కాపరిగా, వేటగాడిగా బతికిన ఇతడు 1925 జులై 4న స్వాతంత్ర్య దినోత్సవ సంబరంలో కాలుస్తుండగా .45 కాలిబర్ సింగిల్ యాక్షన్ సిలిండర్ పగిలిపోయింది. కాలిబర్ అంటే గొట్టం లోపలి వ్యాసాన్ని బట్టి తూటాకు చెప్పే కొలత. .45 తూటాకు తొలిచిన గదుల మధ్య ఉక్కు గోడ పలచనగా ఉంటుందని, అదే సిలిండర్‌లో .44 స్పెషల్ తూటాకు గదులు తొలిస్తే గోడ మందం పెరుగుతుందని గ్రహించిన కీత్ ఆ తర్వాత తన ప్రయోగాలను ప్రధానంగా .44 స్పెషల్‌తో చేశాడు.

పెన్సిల్వేనియాకు చెందిన హెరాల్డ్ క్రాఫ్ట్ సింగిల్ యాక్షన్ రివాల్వర్ లోపాలను వరుసగా సవరిస్తూ తన కోసం నాలుగు రివాల్వర్లు చేయించుకుని, వాటికి ఒకటి నుంచి నాలుగు వరకు సంఖ్యలు పెట్టుకున్నాడు. ఆర్.ఎఫ్. సెడ్జ్‌లీ దుకాణమూ నీల్ హౌచిన్స్ అనే గన్‌స్మిత్తూ ఆ పనిలో పాలుపంచుకున్నారు. కీత్ పత్రికలలో రాస్తున్న దూరపు గురి కథనాలు నిజమో కాదో కళ్లారా చూడాలని క్రాఫ్ట్ 1928లో తన రివాల్వర్లను వెంటబెట్టుకుని, కీత్ అప్పుడు నివసిస్తున్న ఆరెగాన్‌లోని డర్కీకి వెళ్లాడు. అనుమానంతో మొదలైన ఆ పరిచయం ఉమ్మడి ఆలోచనగా మారి, ఐదవ సంఖ్య రివాల్వర్‌కు దారితీసింది. దీనిలో చట్రం పైభాగాన్ని చదునుచేసి, సవరించుకోగల వెనుక గురిని అమర్చారు. కాల్చినప్పటి అదురుకు సిలిండర్ ఇరుసు ముందుకు జారిపోయే పాత జబ్బును ఒక చిన్న మీట బిగింపుతో మాన్పారు. హేమర్ మీద బొటనవేలు ఆనే చోటును వెడల్పు చేసి కిందికి దించారు. అన్నిటికంటే ముఖ్యమైన మార్పు పిడిలో జరిగింది: గురిపోటీల కోసం కోల్ట్ తయారు చేసిన బిస్లీ నమూనా వెనుక పట్టీని వంచి మలిచి, దానిని మామూలు సింగిల్ యాక్షన్ ట్రిగ్గర్ కవచంతో జతపరిచారు. దానితో చేతిలో జారని, వేళ్లను గాయపరచని కొత్త పిడి ఏర్పడింది. 1929 ఏప్రిల్‌లో ‘అమెరికన్ రైఫిల్‌మన్’ పత్రికలో కీత్ ఈ రివాల్వర్‌ను సవివరంగా పరిచయం చేశాడు. చదునైన చట్రం, సవరించుకోగల గురి అనే రెండు లక్షణాలూ 1955లో రూగర్ సంస్థ విడుదల చేసిన బ్లాక్‌హాక్‌లో కనిపిస్తాయి. కీత్ ఎంతోకాలంగా కోరుతూ వచ్చిన శక్తిమంతమైన .44 మాగ్నమ్ తూటా కూడా ఆ కాలంలోనే వచ్చింది. ఒక వ్యక్తి కోసం చేసిన ఒకే ఒక్క వస్తువు తర్వాతి కర్మాగారాల తీరును ఇంతగా మార్చిన సందర్భం రివాల్వర్ల చరిత్రలో మరొకటి లేదనవచ్చు.

రెండు యుద్ధాల మధ్య, ఆ తర్వాత

ఇదే కాలంలో కోల్ట్ సంస్థ ఉద్యోగి జాన్ హెన్రీ ఫిట్జ్‌జెరాల్డ్ దాచుకుని తీసుకెళ్లడానికి వీలుగా రివాల్వర్లను కుదించేవాడు. గొట్టాన్ని రెండు అంగుళాలకు కోసి, బట్టలకు తగులుకోకుండా హేమర్ కొసను తీసివేసి, ట్రిగ్గర్ కవచం ముందు సగాన్ని తొలగించిన ఈ రకానికి ఫిట్జ్ స్పెషల్ అని పేరు వచ్చింది. కవచం లేని ట్రిగ్గర్ ప్రమాదకరమని తర్వాతి తరాలు ఆ పద్ధతిని వదిలేశాయి. చరిత్ర వస్తువుగా మాత్రం దానికి గొప్ప ఆదరణ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో డీన్ కింగ్ నడిపిన కింగ్ గన్ సైట్ కంపెనీ దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టింది. గొట్టం పొడవునా గాలిరంధ్రాలున్న పట్టీ, ఎర్రని ముందు గురి మీదికి వెలుగును మళ్లించే చిన్న అద్దం, పక్కకు వంగిన వెడల్పాటి హేమర్ కొస ఈ సంస్థ పనికి గుర్తులు.

కర్మాగారమే దర్జీ పాత్ర వహించిన సందర్భం స్మిత్ అండ్ వెసన్ 1935లో తెచ్చిన .357 మాగ్నమ్. కొనేవాడు మూడున్నర అంగుళాల నుంచి ఎనిమిది ముప్పావు అంగుళాల వరకు పావు అంగుళం తేడాలతో గొట్టం పొడవును, గురుల రకాన్ని, పిడిని, ఎంత దూరానికి గురి సరిచేసి ఇవ్వాలన్న విషయాన్ని స్వయంగా నిర్ణయించుకోవచ్చు. ప్రతి రివాల్వర్‌కూ చట్రం లోపల ఒక నమోదు సంఖ్య వేసి, యజమాని పేరిట ధ్రువపత్రం ఇచ్చినందువల్ల వీటిని రిజిస్టర్డ్ మాగ్నమ్ అంటారు. మొదటిది ఎఫ్.బి.ఐ. అధిపతి జె. ఎడ్గర్ హూవర్‌కు అందింది. ప్యాటన్ కూడా అదే సంవత్సరం ఒకటి తీసుకున్నాడు. ఆర్థికమాంద్యపు రోజులలో 60 డాలర్లు భారీ ధరే అయినా గిరాకీ తగ్గలేదు. నమోదు పద్ధతిని ఆపేసేనాటికి సుమారు 5,500 రివాల్వర్లు తయారయ్యాయి.

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత పోలీసుల గురిపోటీలు గన్‌స్మిత్‌లకు కొత్త పని తెచ్చిపెట్టాయి. ఏడు గజాల నుంచి యాభై గజాల వరకు కాల్చే ఈ పోటీల కోసం బరువైన మందపాటి గొట్టాలను స్మిత్ అండ్ వెసన్ చట్రాలకు బిగించేవారు. కోల్ట్ పైథాన్ నమూనా గొట్టంలోని మెలిక గాళ్లు 14 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి కనుక, 18 ముప్పావు అంగుళాలకు ఒక చుట్టు తిరిగే స్మిత్ గొట్టం కంటే గుండును బాగా నిలకడగా పంపుతాయని కొందరు నమ్మి, రెండు సంస్థల భాగాలనూ కలిపి స్మోల్ట్ అనే సంకర రివాల్వర్‌ను సృష్టించారు. 1980లలో జాన్ లైన్‌బా అనే గన్‌స్మిత్ పెద్ద వేట కోసం .500, .475 కాలిబర్లలో రూగర్ చట్రాలను మలిచాడు.

సేకరణ, గుర్తింపు

ఈ రివాల్వర్లను సంగ్రహాలయాలకు చేర్చిన తొలి ఘటనలలో ముఖ్యమైనది కోల్ట్ భార్య ఎలిజబెత్ 1905లో మరణిస్తూ కుటుంబ సేకరణను హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియంకు రాసివ్వడం. 1970లో స్మిత్ అండ్ వెసన్ సేకర్తల సంఘం ఏర్పడింది. అమెరికా చట్టం 1898లోగా తయారైన తుపాకులను పురాతన వస్తువులుగా పరిగణిస్తుంది. యాభై ఏళ్లు దాటిన వాటికి చారిత్రక వస్తువులుగా ప్రత్యేక వర్గం ఉంది. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి కావడం, 2019 సవరణ ఒక వ్యక్తికి రెండు తుపాకుల పరిమితి విధించడం వల్ల ఈ తరహా సేకరణకు ఇక్కడ చోటు చాలా తక్కువ.

పాత రివాల్వర్ చరిత్రను తెలుసుకోవడానికి మొదటి ఆధారం కర్మాగారపు ఉత్తరం, అంటే వరుస సంఖ్యను బట్టి అది ఏ తేదీన, ఏ పూతతో, ఏ గొట్టంతో, ఎవరికి పంపబడిందో సంస్థ తన పాత చిట్టాలు చూసి ఇచ్చే లిఖితపూర్వక వివరం. ఫిట్జ్ స్పెషల్ విషయంలో ఈ ఉత్తరమే ప్రాణం, ఎందుకంటే గొట్టం కోసి కవచం తీసేయడం రంపం ఉన్న ఎవరికైనా సాధ్యమే కనుక నకిలీలు విరివిగా పుట్టాయి. కర్మాగారం దాటాక బయటి దుకాణంలో జరిగిన పని గురించి మాత్రం ఆ ఉత్తరం ఏమీ చెప్పదు. అటువంటప్పుడు గన్‌స్మిత్ వేసిన ముద్ర, అతడిచ్చిన రసీదు, పాత ఛాయాచిత్రం, పత్రికలో అచ్చయిన వివరణ సాక్ష్యమవుతాయి.

కాగితాల తర్వాత చూడవలసింది పనితనం. హేమర్ పూర్తిగా వెనక్కి వచ్చేసరికి సిలిండర్ తన గాడిలో బిగుసుకోవాలి; ఆరు గదులూ ఒకే తీరున నిలవాలి; కలిపిన లోహం అతుకు వేలికి తగలకూడదు, మరల తలల మీది గాట్లు అరిగి ఉండకూడదు. మంచి గన్‌స్మిత్ పని బయటికి కనిపించదు, చేతికి మాత్రమే తెలుస్తుంది. పూతల పరిశీలనకూ అనుభవం కావాలి. ఎముకల బొగ్గులో కాల్చి నీటిలో ముంచితే ఉక్కు మీద నీలం, గోధుమ, బూడిద రంగులు మబ్బుల్లా పరుచుకునే కేస్ హార్డెనింగ్ వెలుతురుకు ఏళ్ల తరబడి వెలిసిపోతుంది. అలా వెలిసిన పూతను ఉన్నదున్నట్టు ఉంచడమే ఉత్తమం; మళ్లీ పూత వేయడానికి చేసే సానపట్టుడు నగిషీ అంచులను, ముద్రల అక్షరాలను శాశ్వతంగా చెరిపేస్తుంది. దంతపు పిడులకు మరో చిక్కుంది. ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని 1989లో నిషేధించారు, 2016లో అమెరికా తన రాష్ట్రాల మధ్య అమ్మకాలను కూడా కఠినంగా కట్టడి చేసింది. నూరేళ్లు దాటిన వస్తువులకు మినహాయింపు ఉన్నా వయసును రుజువు చేయవలసిన భారం అమ్మేవాడిదే.

2015 మార్చిలో ఎల్మర్ కీత్ సొంత తుపాకులు మెయిన్ రాష్ట్రంలో వేలానికి వచ్చినప్పుడు ఐదవ సంఖ్య రివాల్వర్ అందరి దృష్టినీ ఆకర్షించింది. దానిలో ఏ భాగాన్ని ఎందుకు మార్చారో 86 ఏళ్ల కిందట కీత్ రాసిన పత్రికా వ్యాసమే చెబుతుంది.