మొగలోని బురద వ్రాసిన చరిత్ర

కోనసీమకు తూర్పు పొలిమేర గౌతమి. ఆ పాయ సముద్రములో కలియు మొగకు ఉత్తరమున, నది తెచ్చిన ఇసుకతో పెరిగిన హోప్ ద్వీపమను పొడవైన తిన్నె కాకినాడ అఖాతమును సముద్రమునుండి చాలవరకు మాటుచేయుచున్నది. తిన్నెకును కోరంగి మడ అడవులకును నడుమనున్న లోతులేని ఉప్పునీటిని లాగూను వంటిదనవచ్చును. అచట గుల్లలు ఏరియు, పీతలు పట్టియు బ్రతుకువారు కలరు. ఆ నీటి మంచిచెడ్డలను ఎట్లు నిర్ణయించవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము కాలముతోపాటు మారుచు వచ్చినది. 1888లో వింక్లర్ నీటిలో కరిగియున్న ఆమ్లజనిని కొలుచు పద్ధతిని కనిపెట్టెను; నేటికిని కళాశాలలలో విద్యార్థులు చేయు ప్రయోగమిదియే. ఉప్పదనము, ఆమ్లజని, సూక్ష్మజీవులు: బహుకాలము నీటి పరీక్ష యనగా ఇంతే. లోహములను పట్టించుకొనవలెనని లోకమునకు తెలిపినది జపానులోని మినమత అఖాతము. అచటి ఒక కర్మాగారము 1932 నుండి పాదరసముతో కూడిన వ్యర్థజలమును సముద్రములోనికి విడుచుచుండెను. 1956లో వింతయైన నరముల వ్యాధి బయటపడెను. 1959లో కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కారణము పాదరసమని చూపిరి. ప్రభుత్వము ఒప్పుకొనునప్పటికి 1968 వచ్చినది. ఆ తొమ్మిదేండ్లలో ఎందరు ఆ చేపలు తినిరో!

మినమతలో పాదరసము నీటిలోకంటె అడుగు బురదలోను, చేపల కండలోను పోగైయుండెను. మన మొగలలోను లోహముల నడక ఇట్టిదే. నదీజలము ఉప్పునీటితో కలియగనే సన్నని బంకమట్టి రేణువులును, ఇనుప హైడ్రాక్సైడును ముద్దకట్టి అడుగునకు దిగును. వాటినంటుకొని రాగి, సీసము, తుత్తునాగము కూడ దిగును. మడ అడవిలో కాలు దిగబడినప్పుడు కుళ్ళిన గ్రుడ్డు వాసన వచ్చు నల్ల బురదను చూచియుందురు. ఆమ్లజని లేని ఆ బురదలో లోహములు సల్ఫైడులుగా బంధింపబడియుండును. దానిని త్రవ్వి గాలి సోకించినచో బంధము సడలి అవి తిరిగి నీటిలోనికి రావచ్చును. సీసాలో పట్టిన నీరు ఆనాటి పోటుపాటుల సంగతి మాత్రమే చెప్పును. బురదలోనున్నది అనేక సంవత్సరముల లెక్క.

1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ ప్రకటించిన పరమాణు శోషణ పద్ధతివలన లోహములను కొలుచుట సులభమైనది. కాని కొలిచిన అంకెను దేనితో పోల్చవలెను? 1961లో టురేకియన్, వెడెపోల్ అనువారు శిలల సగటు కూర్పును పట్టికగా ప్రకటించిరి. 1969లో జర్మనీలో మ్యూలర్ రైను నది బురదకై ఒక సూచికను ప్రతిపాదించెను: కొలిచిన విలువను సహజ విలువకు ఒకటిన్నర రెట్లతో భాగించి లెక్కించుట. సహజ విలువగా షేల్ శిల సగటును తీసికొనుట వాడుక. గోదావరి విషయమున చిక్కు ఇచటనే.

ఈ నదీ పరీవాహక ప్రాంతములో దాదాపు సగము దక్కను బసాల్టు నల్లరాయి. ఆ పట్టికలో పది లక్షల పాళ్ళకు రాగి షేల్‌లో 45, బసాల్టులో 87. సీసము షేల్‌లో 20, బసాల్టులో 6 మాత్రమే. మొగ బురదలో రాగి 80 ఉన్నదనుకొనుడు. షేల్‌తో పోల్చినవాడు కాలుష్యమని కేకవేయును. అది మహారాష్ట్ర కొండలనుండి కొట్టుకొనివచ్చిన రాగియే కావచ్చును. సీసము 18 ఉన్నచో అతడే నిశ్చింతగా నుండును. అసలు అపాయము అచటనే యుండవచ్చును. మిగిలిన సగములో గ్రానైటు, నైసు శిలలు కూడ కలవు గనుక బసాల్టు అంకెలనే కొలబద్దగా పెట్టుటయు సరికాదు. రొయ్యల చెరువులలో నాచును చంపుటకు, తోటలలో తెగుళ్ళకు మైలుతుత్తము వాడుటయు కలదు. ఆ రాగిని రాతి రాగినుండి వేరుచేయుట ఎట్లు?

రాగిని అల్యూమినియముతో నిష్పత్తిగా చూచుట ఒక మార్గము. బంకమట్టిలో సహజముగనే విస్తారముగానున్న అల్యూమినియమును మన వ్యర్థములు అంతగా పెంచలేవు. నాకు మరింత నచ్చినది రెండవది: గొట్టము దించి బురదను పొరలుగా తీసి, లోతునున్న పాత పొరనే కొలబద్దగా గ్రహించుట. పొరల వయస్సు సీసము-210 వలన తెలియును. 1963లో గోల్డ్‌బర్గ్ ప్రతిపాదించిన పద్ధతి యిది. దాని అర్ధాయువు సుమారు 22 ఏండ్లు గనుక నూరు, నూటయేబది సంవత్సరములకు మించి పోలేము. కాటన్ ధవళేశ్వరము ఆనకట్టను ముగించిన 1852 నాటి పొర ఆ అంచునకు కొంచెము ఆవల నున్నది. అణుబాంబు పరీక్షలవలన 1963 ప్రాంతమున హెచ్చుగా రాలిన సీజియము-137 మరియొక గుర్తు. అయితే పీతలు పొరలను కలిపివేయును. కోనసీమను తాకిన 1996 నవంబరు 6 నాటి తుఫాను వంటిది ఒక్క రాత్రిలో అడుగును కలచివేయగలదు. కనుక పీత బొరియలు తక్కువగా, అలల తాకిడి లేకుండనున్న చోటును ముందుగా వెదకవలెను. తీసిన గొట్టమును ఒరగనీయక, నిలువుగనే ఒడ్డునకు తేవలెను.